పీఎస్ఏ 5.8 వచ్చింది, ఇక క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 58. బీపీ, షుగర్ లేవు. ఈ మధ్య హెల్త్ చెకప్ చేయించుకుంటే అన్నీ బాగానే ఉన్నాయి గానీ పీఎస్ఏ అనే రక్తపరీక్షలో 5.8 వచ్చింది. పక్కన ‘4 లోపు ఉండాలి’ అని రాసి ఉంది. అలాంటి పరీక్ష ఒకటి ఉందని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. నెట్‌లో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. రక్తం ఇవ్వడానికి మూడు వారాల ముందు మూత్రంలో మంట, జ్వరం వస్తే యాంటీబయాటిక్స్ వాడాను. రోజూ పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కడం అలవాటు, ఆ రోజూ తొక్కి వచ్చాకే రక్తం ఇచ్చాను. మా నాన్నగారికి 76వ ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. డాక్టర్లు ఆపరేషన్ వద్దని ఊరికే చూస్తూ ఉండిపోయారు. ఆయన 84వ ఏట గుండెజబ్బుతో పోయారు. అప్పుడు సరైన వైద్యం చేయించలేదేమోనని ఇప్పుడు మనసు పీకుతోంది. తెలిసినాయన ఒకరు వెంటనే బయాప్సీ చేయించుకోమంటున్నారు. ఇంకొకాయన ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందంటున్నారు. నన్ను చూసి మా తమ్ముడు (52) కూడా చేయించుకుంటే వాడికి 2.1 వచ్చింది, హాయిగా ఉన్నాడు. జుట్టు రాలకుండా రెండేళ్లుగా ఏదో మాత్ర వేసుకోవడం తప్ప వాడికి ఏ జబ్బూ లేదు. నన్నేం చేయమంటారు? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందు మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. 5.8 అన్న ఒక్క అంకె చూసి క్యాన్సర్ ఉందనీ అనలేం, లేదనీ అనలేం. రేపే బయాప్సీకి పరుగెత్తాల్సిన పని లేదు. కొంతకాలం ఆగి అదే పరీక్ష మళ్లీ చేయించుకోండి. అప్పటికీ ఎక్కువే ఉంటే ఎంఆర్ఐ, ఆ తరవాత అవసరమైతేనే బయాప్సీ. ఈ నాలుగు ముక్కలతో మీకు నిద్ర పట్టేస్తుందని నేను అనుకోవడం లేదు కాబట్టి ఎందుకో కూడా చెబుతాను.

పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. ఆ పేరులో ప్రోస్టేట్ ఉంది గానీ క్యాన్సర్ లేదు, గమనించారా? మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ అక్రోటు కాయంత ఉండే గ్రంథి ప్రోస్టేట్. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత ఇక్కడే తయారవుతుంది. బయటికొచ్చి గడ్డకట్టిన వీర్యాన్ని మళ్లీ పల్చబరచడం పీఎస్ఏ పని. వీర్యంలో అది రక్తంలో కంటే లక్షల రెట్లు ఎక్కువగా ఉంటుంది. నిజానికి రక్తంలో దానికి పనే లేదు. గ్రంథి లోపలి పొరల్లోంచి కొద్దికొద్దిగా ఊరి రక్తంలో కలుస్తుందంతే. ఆ ఊరినదాన్నే మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని కొలిచి మీ రిపోర్టులో వేశారు.

క్యాన్సర్ కణం మామూలు కణం కంటే ఎక్కువ పీఎస్ఏ తయారు చేస్తుంది కాబట్టి అంకె పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. క్యాన్సర్ ఉన్నచోట పొరలు చెడిపోయి, లోపల ఉండాల్సింది బయటికి ఎక్కువగా కారుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా పొరలు చెడతాయి. వయసుతో గ్రంథి పెద్దదైతే తయారయ్యేదే ఎక్కువ, ఊరేదీ ఎక్కువే. గోడకు చెమ్మ కనిపిస్తే ఎక్కడో నీళ్లు కారుతున్నాయని తెలుస్తుంది. పైపు పగిలిందా, పైకప్పు ఉరుస్తోందా, పక్క గది స్నానాలగది నుంచి వస్తోందా అన్నది చెమ్మ చెప్పదు. చెమ్మ చూడగానే గునపం అందుకోం కదా.

ఇక ఆ ‘4’ సంగతి. అది ఆరోగ్యానికీ జబ్బుకీ మధ్య ప్రకృతి గీసిన గీత కాదు. అమెరికాలో ఈ పరీక్షకు 1986లో అనుమతి వచ్చినప్పుడు, అది క్యాన్సర్ ఉందని అప్పటికే తేలినవాళ్లలో జబ్బు ఎలా ఉందో కనిపెట్టడానికి మాత్రమే. క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి కూడా వాడవచ్చని 1994లో అన్నారు, అప్పుడు 4 ను హద్దుగా పెట్టుకున్నారు. వయసు పెరిగేకొద్దీ పీఎస్ఏ పెరగడం మామూలే కాబట్టి యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5 అని వేరువేరు హద్దులు వాడే డాక్టర్లూ ఉన్నారు. ఏ హద్దు పెట్టినా కొందరు అమాయకులు దొరుకుతారు, కొందరు దొంగలు తప్పించుకుంటారు. 4 నుంచి 10 మధ్య వచ్చి బయాప్సీ చేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ బయటపడేది సుమారు నలుగురిలో ఒకరికి. తక్కిన ముగ్గురూ అన్నాళ్లు పడ్డ భయం ఊరికే పడ్డదే. అటువైపు చూస్తే, అమెరికాలోనే ఒక పెద్ద అధ్యయనంలో 4 లోపు ఉన్న మగవాళ్లకు కూడా బయాప్సీ చేశారు. వాళ్లలో సుమారు 15 శాతం మందికి క్యాన్సర్ కనిపించింది. 2004లో ఈ ఫలితం వచ్చాక ‘4 లోపుంటే నిశ్చింత’ అనే మాట నిలబడలేదు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, మీ తమ్ముడి దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మీ 5.8 ను నేను పూర్తిగా నమ్మకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. జ్వరంతో కూడిన మూత్ర ఇన్ఫెక్షన్ మగవాళ్లకు వచ్చిందంటే చాలాసార్లు ప్రోస్టేట్‌కు కూడా అంటుకుందని అర్థం. అప్పుడు పీఎస్ఏ ఎంతైనా ఎగరొచ్చు. మంట తగ్గినంత త్వరగా అంకె తగ్గదు, కొందరికి నెలలు పడుతుంది. మందులు పూర్తయ్యాక కనీసం ఆరు వారాలు ఆగి పరీక్ష చేయాలని సాధారణంగా చెబుతారు. మీకు జ్వరం కూడా వచ్చింది కాబట్టి నేనైతే రెండు మూడు నెలలు ఆగమంటాను. ఈలోగా మూత్రపరీక్ష ఒకటి చేయించుకుని ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిందో లేదో చూసుకోండి. మీరు రక్తం ఇచ్చింది మంట వచ్చిన మూడు వారాలకే. ‘ఈ మధ్య మూత్రంలో మంటేమైనా వచ్చిందా?’ అని అక్కడ ఒక్కరు అడిగి ఉంటే మీకిన్ని రాత్రుల నిద్ర మిగిలేది.

సైకిల్ విషయంలో అధ్యయనాలన్నీ ఒక్క మాట మీద లేవు. కొన్ని పెరుగుతుందన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. రెండు రోజులు మానేస్తే పోయేదేమీ లేదు కాబట్టి మానేయండి. అలాగే పరీక్షకు ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం కాకుండా చూసుకోండి, దానివల్ల అంకె కొంచెం పెరగొచ్చు. ఈ మాట అడగడానికి పేషెంట్లు మొహమాటపడతారు, చెప్పడానికి డాక్టర్లూ మొహమాటపడతారు, మధ్యలో అంకె పెరిగి కూర్చుంటుంది. పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు. మొదట చేసిన ల్యాబ్‌లోనే మళ్లీ చేయించండి, ఎందుకంటే కొలిచే పద్ధతి మారితే అంకె కూడా కొంత మారుతుంది.

అన్ని నెలలు ఆగితే ముంచుకొస్తుందేమోనని మీకు సందేహం రావచ్చు. ఇలా రక్తపరీక్షలో తప్ప మరెక్కడా కనిపించని ప్రోస్టేట్ క్యాన్సర్, ఒకవేళ ఉన్నా, చాలావరకు ఏళ్ల తరబడి మెల్లగా పెరిగేది. రెండు మూడు నెలల్లో కథ మారిపోదు. కానీ మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, నడుములోనో తుంటిలోనో రాత్రిళ్లు కూడా తగ్గని ఎముకనొప్పి, కాళ్లలో బలం తగ్గడం లాంటివి కనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మీకు అవేవీ ఉన్నట్టు రాయలేదు.

మళ్లీ చేసినప్పుడు అంకె కిందికి దిగి 2, 3 దగ్గర నిలిస్తే ఇన్ఫెక్షనే కారణమనుకోవచ్చు. తరవాత ఎన్నాళ్లకోసారి చూసుకోవాలో మీ డాక్టర్ చెబుతారు, బహుశా ఏడాదికో రెండేళ్లకో. దిగకపోతే యూరాలజిస్టును కలవండి. ఆయన వేలితో గ్రంథిని తడిమి చూస్తారు. మొహమాటంగా ఉంటుంది గానీ నిమిషం పని. ‘ఫ్రీ పీఎస్ఏ’ అనే ఇంకో రక్తపరీక్ష కూడా రాయవచ్చు. రక్తంలో పీఎస్ఏ కొంత వేరే ప్రొటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతుంది, కొంత ఒంటరిగా తిరుగుతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఒంటరిది తక్కువ. మొత్తంలో అది 25 శాతం పైన ఉంటే క్యాన్సర్ అవకాశం బాగా తక్కువ, 10 శాతం కిందికి పడిపోతే బాగా ఎక్కువ. మధ్యలో వస్తే మళ్లీ మధ్యలోనే ఉంటాం, అదీ ఈ పరీక్షతో చిక్కు. దానికంటే నాకు పనికొచ్చే లెక్క ఇంకోటుంది. పీఎస్ఏను గ్రంథి సైజుతో భాగించడం. మీ గ్రంథి 60 మిల్లీలీటర్లు ఉందనుకోండి, 5.8 ని 60తో భాగిస్తే 0.1 లోపే వస్తుంది. పెద్ద గ్రంథి, దానికి తగ్గ ఊట. అదే 5.8 పాతిక మిల్లీలీటర్ల చిన్న గ్రంథిలోంచి వస్తే 0.23. అప్పుడు నేను కుర్చీలో సరిగ్గా కూర్చుని ఆలోచిస్తాను. సుమారు 0.15 ను హద్దుగా చూస్తారు.

సైజు తెలిసేది స్కానింగ్‌లో. స్కానింగ్ ఎలాగూ చేయించాలి కాబట్టి ఇప్పుడు బయాప్సీకి ముందే ఎంఆర్ఐ తీయడం చాలాచోట్ల పద్ధతిగా మారింది. ఒకప్పుడు పీఎస్ఏ పెరిగిందంటే గ్రంథిలో గుడ్డిగా పది పన్నెండు చోట్ల సూదితో పొడిచి ముక్కలు తీసేవారు. ప్రమాదం లేని చిన్న మచ్చ సూదికి తగిలేది, అసలుది తప్పిపోయేది. 2018లో వెలువడిన ప్రెసిషన్ అనే అధ్యయనంలో 500 మందిని రెండు గుంపులు చేశారు. ముందు ఎంఆర్ఐ తీసిన గుంపులో నాలుగో వంతు కంటే ఎక్కువమందికి బయాప్సీ అవసరమే పడలేదు. అయినా పట్టుకోవాల్సిన క్యాన్సర్లు ఆ గుంపులోనే ఎక్కువ దొరికాయి, పట్టించుకోనక్కర్లేనివి తక్కువ బయటపడ్డాయి. అందుకే ఎంఆర్ఐ మాటే ఎత్తకుండా నేరుగా బయాప్సీకి రమ్మని ఎవరైనా అంటే ‘ముందు ఎంఆర్ఐ తీయకూడదా?’ అని అడగండి. అడగడం తప్పు కాదు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట ఎన్నేళ్లుగా వింటున్నానో లెక్కలేదు. సూది వెళ్లిన దారిలో కణాలు నాటుకోవడం ప్రోస్టేట్ విషయంలో అత్యంత అరుదు. ఆ భయంతో బయాప్సీ మానుకోవడంలో అర్థం లేదు. బయాప్సీలో భయపడాల్సింది ఏదైనా ఉంటే అది ఇన్ఫెక్షన్. మలద్వారం గుండా సూది పంపినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ. వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మం గుండా చేస్తే తక్కువ. మీకు ఈమధ్యే ఇన్ఫెక్షన్ వచ్చిందని చేసేవారికి తప్పకుండా చెప్పండి. తరవాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనిపించొచ్చు. ముందే తెలిస్తే కంగారుండదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం అదే. ఆయన రిపోర్టులు నేను చూడలేదు, కానీ మీరు రాసినదాన్ని బట్టి డాక్టర్లు నిర్లక్ష్యం చేశారని నాకు అనిపించడం లేదు. 76 ఏళ్ల మనిషికి మెల్లగా పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక వైద్యమే. వేరే కారణాలతో చనిపోయిన వృద్ధుల శరీరాలను పరీక్షించి చూస్తే, ఎనభై దాటినవాళ్లలో సగం మందికి పైగా ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కనిపించింది. బతికినన్నాళ్లూ అది వాళ్ల జోలికి రాలేదు, వాళ్లకు తెలియనూ లేదు. ఆపరేషనో రేడియేషనో చేసి ఉంటే మీ నాన్నగారు ఆ ఎనిమిదేళ్లలో కొన్నేళ్లు మూత్రం పట్టు తప్పి ప్యాడ్లు పెట్టుకుని గడపాల్సి వచ్చేదేమో. ఆ బాధ లేకుండా 84 ఏళ్లు బతికారు. మీరు చేయించనిది వైద్యం కాదు, అక్కర్లేని కోత. ఆ బరువు దించేసుకోండి.

ఆయన కంటే చిన్నవాళ్లలోనూ దీనికి దగ్గరి సంగతే బయటపడింది. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో పీఎస్ఏ ద్వారా దొరికి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేసి ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ ఇచ్చారు, మూడో గుంపును కనిపెట్టుకుని ఉన్నారు. 15 ఏళ్ల తరవాత చూస్తే మొత్తంలో ఆ క్యాన్సర్‌తో చనిపోయింది 45 మంది, అంటే 3 శాతం లోపే, అదీ మూడు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా. కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో జబ్బు వేరే చోటికి పాకడం మాత్రం తక్కినవాళ్ల కంటే రెండింతలు కనిపించింది, దాన్ని దాచకూడదు. కాలక్రమంలో ఆ గుంపులో సగానికి పైగా ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు కూడా. అంటే నిర్ణయం తీసుకోవడానికి వ్యవధి ఉంది. ఒకవేళ మీకు బయాప్సీలో క్యాన్సరే తేలినా, మొదట అడగాల్సింది ‘ఎప్పుడు తీసేస్తారు?’ అని కాదు, ‘ఇది ఏ రకం, గ్లీసన్ స్కోరు ఎంత?’ అని. ముక్కలో కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయో చెప్పే అంకె అది. ఆరు అంటే చాలావరకు చూస్తూ ఉండొచ్చు. ఎనిమిది, తొమ్మిది, పది అంటే వైద్యం మొదలుపెట్టాల్సిందే. ఏడులో మళ్లీ రెండు రకాలున్నాయి, అది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

ఇదంతా చదివి ‘అయితే అసలు ఈ పరీక్ష ఎందుకు?’ అంటారేమో. అడిగినా తప్పులేదు, ముప్పై ఏళ్లకు పైగా డాక్టర్లే దీని మీద వాదించుకుంటున్నారు. యూరప్‌లో లక్షా అరవై వేల మందికి పైగా మగవాళ్లతో మొదలైన అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. లెక్క విడమరిస్తే, 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక ప్రాణం దక్కింది. ఆ ఒక్కరి కోసం మామూలుగా కంటే పన్నెండు మంది అదనంగా క్యాన్సర్ పేషెంట్లయ్యారు. లాభం ఉంది, నిజం. దానికి కట్టే మూల్యమూ నిజమే. అందుకే అమెరికాలో ఏ పరీక్షలు ఎవరికి మంచివో సలహా ఇచ్చే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2012లో ఈ పరీక్ష ఎవరికీ వద్దంది. 2018లో మెత్తబడి, 55 నుంచి 69 ఏళ్లవాళ్లు మంచీచెడూ డాక్టర్‌తో మాట్లాడుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకోవాలంది. 70 దాటాక వద్దన్న మాట అప్పుడూ మార్చలేదు. నన్నడిగితే, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్లు చేయించుకోవడమే మంచిదంటాను. వాళ్లకు వచ్చే అవకాశం ఇతరుల కంటే దాదాపు రెండింతలు. తండ్రికి 76లో కాక 56లో వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. మీరు ఎలాగూ ఆ వరసలోనే ఉన్నారు. పరీక్ష చేయించుకోవడంలో తప్పు జరగలేదు, అదేమిటో మీకు చెప్పకుండా ప్యాకేజీలో కలిపి చేసేయడంలో జరిగింది. ఈ ఉత్తరంలో నేను చెబుతున్నవన్నీ మీకు రక్తం తీయకముందు ఎవరో చెప్పాల్సిన మాటలు.

ఇంట్లో చెప్పలేదన్నారు. మీరు నిద్రపోవడం లేదన్న సంగతి పక్కన పడుకున్నవాళ్లకు తెలియదనుకుంటున్నారా? చెప్పండి. ‘పీఎస్ఏ కొంచెం పెరిగింది, ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు, రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తామన్నారు’ అంటే చాలు. మున్ముందు వైద్యం దాకా వెళ్తే అది దాంపత్య జీవితాన్ని తాకే విషయం, అప్పుడు ఆవిడతో మాట్లాడక తప్పదు. ఆ మాట ఇప్పటి నుంచే మొదలైతే తేలిక.

చివరగా మీ తమ్ముడు. మీ ఇద్దరిలో హాయిగా ఉన్నది అతనేనని రాశారు, నాకు మాత్రం అతని 2.1 మీద కూడా అనుమానం ఉంది. జుట్టు రాలకుండా మగవాళ్లకు ఇచ్చే మాత్రల్లో ఫినాస్టెరైడ్ ఒకటి. అది ప్రోస్టేట్ మీద కూడా పనిచేస్తుంది, ఎక్కువ మోతాదులో ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు ఇచ్చేది అదే మందు. ఆరు నెలలు, ఏడాది వాడేసరికి రక్తంలో పీఎస్ఏను సుమారు సగానికి తగ్గిస్తుంది, జుట్టుకు వాడే చిన్న మోతాదులో కూడా. డ్యుటాస్టెరైడ్ అనే మందూ అంతే. కాబట్టి అతను వాడుతున్నది వీటిలో ఒకటైతే రిపోర్టులో ఉన్న అంకెను రెట్టింపు చేసి చదువుకోవాలి, 2.1 కాస్తా 4.2 అవుతుంది. 52 ఏళ్ల మనిషికి, అదీ తండ్రికి ఈ జబ్బు వచ్చిన మనిషికి, అది వదిలేసే అంకె కాదు. మాత్ర మానేయమని నేను చెప్పడం లేదు. ఈ పూటే ఫోన్ చేసి ఆ డబ్బా మీద ఏం రాసుందో చదవమనండి. ఆ పేరు, రెండేళ్లుగా వాడుతున్న సంగతి డాక్టర్‌కు చెప్పి, రిపోర్టు మరోసారి చూపించుకోమనండి.